బర్రెల గ్రూపు ఇల్లు మారిన సంగతి

చదివేవాళ్ళకు ముందుగా ఒక మాట. నేను ఐదో తరగతి దాకానే బడికి పోయాను, అది కూడా పూర్తిగా కాదు. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇన్నేళ్ళలో నేను రాసినవన్నీ దాణా దుకాణానికి పంపిన చీటీలే. ఒక కాగితం నిండా రాయడం ఇదే మొదలు. మా ఇంటి మీది గదిలో కిరాయికి ఉండే చెల్లె కొన్ని తప్పులు దిద్దింది. ఆమె కంట పడకుండా మిగిలిపోయినవి నావి. చదువుకున్నవాళ్ళు నవ్వుతారేమోనని భయం ఉంది. కానీ జరిగింది మంచి సంగతి. కడుపులో దాచుకోలేక రాస్తున్నాను.

మాది తొండుపల్లి. విమానం దిగేటప్పుడు మా కొట్టం మీది రేకులు గడగడమంటాయి. మా బర్రెలు తల కూడా ఎత్తవు. కొత్తగా కొన్నదైతే మాత్రం ఒక వారం బెదురుతుంది, పాలు చేపదు. తర్వాత దానికీ అలవాటైపోతుంది. మాకు ఆరు బర్రెలు. పాలు పిండడం, గడ్డి కోయడం, పేడ తీయడం నాదీ మా ఆయనదీ.

కొన్నేళ్ళ కింద, అందరి ఫోన్లలో ఉండే ఆ పెద్ద యాప్‌లో నేను ఒక గ్రూపు పెట్టాను. మొదట పది పన్నెండు మందిమి. మా బర్రెకు పొదుగు వాచినప్పుడు ఏం చెయ్యాలో అడగడానికి పెట్టిన గ్రూపు అది. తర్వాత సాతంరాయి వాళ్ళు చేరారు, బుద్వేల్ వాళ్ళు చేరారు, వెయ్యి మంది దాటారు. పొద్దున పాలు పిండి కేంద్రంలో పోసి వచ్చాక అందరూ ఫోన్లు పట్టుకునేవాళ్ళు. ఎవరి బర్రె మేత ముట్టలేదు, ఎవరిది ఈనింది, ఏ వెంచర్లో గడ్డి బాగా పెరిగింది, ఏ వెంచర్లో వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఉరికిస్తున్నాడు, అన్నీ అందులోనే. మా దిక్కు పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. కానీ ఇండ్లు కట్టేదాకా ప్లాట్లలో మొలిచేది గడ్డే. ఆ గడ్డి మీదనే మేము బతుకుతున్నాం.

మాలో సగం మందికి రాయడం రాదు. అందుకే మాట్లాడి పెట్టేవాళ్ళం. చదువు రానివాళ్ళు కూడా విని జవాబు చెప్పేవాళ్ళు. గ్రూపుకు పెద్ద నేను. ఇద్దరు తిట్టుకుంటే నేనే చెప్పాలి, అబద్ధం మందు అమ్మేవాడు వస్తే నేనే బయటికి పంపాలి. ఇంట్లో ఎవరూ అడగని నా మాటకు అక్కడ విలువ ఉండేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గ్రూపు అంటే నాకు ప్రాణం.

అట్లాంటి చోట ఒక రోజు బుద్వేల్ అక్క తన బర్రె పొదుగు వాపు ఫోటో పెట్టింది. సాయంత్రానికి యాప్ వాళ్ళు దాన్ని తీసేశారు. నాకు ఇంగ్లీషులో ఏదో రాసి పంపారు. నేను మేడ మీదికి పోయి కిరాయి చెల్లెకు చూపించాను. ఆమెది గోదావరి జిల్లా. విమానాశ్రయంలో సరుకులు దింపే ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది.

"అసభ్యకరమైన బొమ్మ అని రాశారండి అక్కా. ఇంకోసారి పెడితే గ్రూపు మూసేస్తారట."

"బర్రె పొదుగు అసభ్యం ఏంది చెల్లె?"

"మనిషి చూసుండరండి. యంత్రం చూసుంటుంది."

కింద నుంచి మా ఆయన వింటూనే ఉన్నాడు. "ఇగ బర్రెలకు సుత లంగాలు కుట్టియ్యాలె," అన్నాడు.

ఆ రోజు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. 'బర్రె అమ్మకానికి ఉంది' అని ఎవరు పెట్టినా తీసేయడం మొదలుపెట్టారు, పశువుల్ని అమ్మడం తప్పంట. సాతంరాయి బాపు ఒకాయన ఉన్నాడు, బర్రెల విషయంలో ఆయనకు తెలియనిది లేదు. ఆయన బర్రె ఈనుతుంటే ఫోటో పెడితే, రక్తం కనబడుతోందని నెల రోజులు ఆయన నోరు కట్టేశారు. అన్నిటికంటే పెద్ద కష్టం ఏమిటంటే, ఒకరు పెట్టింది ఇంకొకరికి కనబడడం మానేసింది. ఫోన్ తెరిస్తే బరువు తగ్గే పొడి, ప్లాట్ల ప్రకటన, ఎవరో డాన్సు. మా మాటలు ఎక్కడో అడుగున.

శంషాబాద్ దగ్గర ఒక ఆడమనిషి, ఒక్క బర్రె మీద బతికే మనిషి, పాలు తాగే దుడ్డె నీళ్ళలా పేడ వేస్తూ పారుకుంటోంది ఏం చెయ్యాలని పొద్దున అడిగింది. నాకు అది మూడో రోజు కనబడింది. ఫోన్ చేస్తే ఆమె ఒకటే మాట అంది.

"అంత మంది ఉన్నరు గదా అక్కా, ఒక్కలు సుత చూడలేదా?"

దుడ్డె అప్పటికే చచ్చిపోయింది. ఆ మాట నా చెవిలో నుంచి పోలేదు. ఇగ ఇక్కడ ఉండొద్దని ఆ రోజే అనుకున్నాను.

కిరాయి చెల్లెతో చెబితే ఆమె చాలాసేపు వివరించింది. ఇప్పుడు మనమంతా ఒకే పెద్ద భవనంలో కిరాయికి ఉన్నట్టంట, యజమాని ఎవరో ఎవరికీ తెలియదంట. చిన్న చిన్న ఇండ్లు వేరే ఉన్నాయంట. ఎవరి ఇల్లు వాళ్ళు పెట్టుకోవచ్చు, ఎవరి ఇంటి కట్టుబాట్లు వాళ్ళవి, ఏది ముందు కనబడాలో ఎవరూ పై నుంచి తిప్పరు.

"ఇళ్ళు వేరైనా అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయండి. అదే అందులో గొప్ప," అంది.

నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే సొంత ఇల్లు అన్న దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. తర్వాతి మాటలు లోపలికి పోలేదు.

ఒక ఆదివారం కూర్చుని ఆమె మాకు అట్లాంటి చోటు ఒకటి తయారు చేసింది. "పేరేం పెడదామండి?" అని అడిగింది.

"తొండుపల్లి బర్రెలు అని పెట్టు," అన్నాను. ఆలోచించనే లేదు. నా ఊరు, నా బర్రెలు, నాకు అంతకంటే మంచి పేరు ఏం తడుతుంది? నేను చేసిన మొదటి తప్పు అది.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఇల్లు మారేటప్పుడు మంచి రోజు చూడాలి గదా. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, మా బర్రె పాలే గిన్నెలో పోసి పొంగించాను. కిరాయి చెల్లె ఆఫీసు బస్సు వదులుకుని మరీ వీడియో తీసింది.

"సర్వర్‌కి పాలు పొంగించడం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూళ్ళేదండి," అని నవ్వుతూనే ఉంది. కానీ పాలు తూర్పు దిక్కుకు పొంగాయా లేదా అని వంగి చూసింది కూడా ఆమే.

కొత్త ఇంట్లో మొదట పెట్టింది ఆ వీడియోనే. తర్వాత పాత గ్రూపులోకి పోయి చివరి మాట చెప్పాను. "అందరికీ దండం. ఇగ మనం ఇల్లు మారుతున్నం. కొత్త ఇంట్ల అడుగు పెట్టినోళ్ళు పాలు పొంగిచ్చి ఒక ఫోటో పెట్టుండ్రి, ఎవరెవరు వచ్చిండ్రో తెలుస్తది." కొత్త ఇంటి పేరు, నా పేరు అందులో ఎట్లా వెతకాలో అన్నీ చెప్పి, పాత గ్రూపుకు తాళం వేశాను. అందులో ఇంక ఎవరూ ఏమీ పెట్టలేరు.

"కొన్నాళ్ళు రెండూ ఉంచుదామండి అక్కా," అంది చెల్లె.

"రెండు ఇండ్లు ఉంటే ఒక్కలు సుత కదలరు చెల్లె. నాకు తెల్వదా మావోళ్ళు?"

ఫోన్ సరిగ్గా చూడనివాళ్ళ కోసం శంషాబాద్‌లో దాణా దుకాణం గోడ మీద కూడా నా కొత్త చిరునామా సుద్దముక్కతో రాసి వచ్చాను. మేమందరం దాణా కొనేది అక్కడే.

ఆ సాయంత్రానికి పదకొండు మంది వచ్చారు. పదకొండు మందీ తొండుపల్లి వాళ్ళే. నలుగురు మా గల్లీవాళ్ళు. రెండో రోజు పదకొండు. నాలుగో రోజు పదకొండు. పేడ చేతులు కడుక్కుని ఫోన్ తీస్తే పదకొండు.

"పదకొండు మందికి పాలు పొంగిచ్చినవ్. చిన్న గిన్నె సరిపోతుండె," అన్నాడు మా ఆయన.

"నవ్వు. నీకేం పోయింది?"

"నాకేం పోలే. నీదే గదా పోయింది వెయ్యి మంది."

ఆయన ఎకసెక్కానికి అన్నాడు కానీ నాకు అన్నం దిగలేదు. నిజమే గదా. వెయ్యి మందిని ఉన్న చోట నుంచి వెళ్ళగొట్టి తలుపు మూసింది నేనే. దుడ్డెకు జబ్బు చేస్తే ఎవరిని అడుగుతారు వాళ్ళు? ఆ యాప్‌లో మూడో రోజుకైనా కనబడేది. ఇప్పుడు అది కూడా లేదు. పాత గ్రూపు తాళం తీసే బటన్ ఫోన్‌లో అట్లనే ఉంది. ఒకసారి నొక్కితే చాలు. కానీ నొక్కితే నా మాట ఏమవుతుంది? ఇగ ఎప్పుడైనా నేను పద అంటే ఎవరు కదులుతారు? వచ్చే సోమవారం దాకా చూద్దామని పెట్టుకున్నాను. అప్పటికీ ఎవరూ రాకపోతే తాళం తీసి, తప్పయిందని అందరి ముందు చెప్పాలి.

పేరు మారుద్దామా అని కూడా చెల్లెను అడిగాను. ఒకసారి పెట్టాక ఆ పేరు మార్చడం కుదరదు, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి అంది.

శనివారం దాణా దుకాణంలో సాతంరాయి బాపు ఎదురుపడ్డాడు. భుజం మీద తువ్వాల, చేతిలో తౌడు సంచి. నన్ను చూసి పక్కకు తిరిగి సంచి మూతి కట్టుకుంటున్నాడు.

"ఏంది బాపు, కొత్త ఇంటికి రాకపోతివి?"

"ఎవరి ఇంటికి?"

"మన ఇంటికే."

"మన ఇల్లెట్లయితది? తొండుపల్లి అని పేరు పెట్టుకుంటివి. తొండుపల్లికి మా బిడ్డలను ఇచ్చినం గని మా బర్రెలను ఇయ్యలే."

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నా ముఖం కాలిపోయింది.

"ఊరికే పెట్టిన పేరు బాపు. నేను గట్ల అనుకోలే."

"నువ్వు అనుకోకున్నా మా సాతంరాయోళ్ళు అనుకుంటరు. బుద్వేలోళ్ళు సుత అనుకుంటరు. మా తొవ్వ మేం చూసుకున్నం తీ." అని సంచి ఎత్తుకుని పోయాడు.

మా తొవ్వ మేం చూసుకున్నం అంటే, ఇగ నీతో పని లేదు అనుకున్నాను. ఆటోలో ఇంటికి వస్తూ మనసులో తాళం సగం తీసేశాను. సోమవారం దాకా ఆగినా ఏం లాభం అనిపించింది.

ఆదివారం పొద్దున పాలు పోసి వచ్చి పేడ తీస్తున్నాను. కొంగులో ఫోన్ గుర్రుమంది. చెయ్యి కడుక్కుని చూస్తే, కొత్త ఇంటి నుంచి. సాతంరాయి బాపు పేరు, పక్కన ఆయన తువ్వాల ఫోటో. నొక్కితే ఆయన గొంతు వచ్చింది. అంత పెద్దమనిషి గొంతు సన్నగా అయిపోయింది.

"ఓ తొండుపల్లి బిడ్డా, నా సూడి బర్రె నిన్న సాయంత్రం మేతకు పోయినది ఇంటికి రాలే. కుడి చెవికి గాటు, ఎడమ కొమ్ము వంకర. దినాలు నిండినయ్, ఇయ్యాల్నో రేపో ఈనుతది. రోడ్డు మీద పడ్డదో ఏమో. జర నీ వాళ్ళకు చెప్పు."

బాపు వచ్చేశాడు అనుకున్నాను మొదట. గబగబా లెక్క చూశాను. పదకొండే ఉంది. మరి ఈయన ఎక్కడి నుంచి మాట్లాడుతున్నాడు? ఫోన్ పాడైంది అనుకుని మెట్లెక్కి పోయాను. చెల్లె దోసెలు పోసుకుంటోంది. పొయ్యి కట్టేసి ఫోన్ చూసింది.

"ఆయన మీ ఇంట్లో లేరండి అక్కా. ఆయన పేరు చివర ఊరు పేరులా ఇంకోటి ఉంది చూడండి. అది వేరే ఇల్లు, తెలుగువాళ్ళదే. చేరేటప్పుడు ఏ ఇల్లు కావాలో ఫోనే అడుగుతుందండి. దుకాణం గోడ మీద మీ చిరునామా చూసి అక్కడి నుంచి మిమ్మల్ని పిలిచారు."

"వేరే ఇంట్ల ఉండి నన్నెట్ల పిలుస్తడు?"

"మీ సిమ్ము ఒక కంపెనీది, నాది ఇంకో కంపెనీది. మనం ఫోన్లు చేసుకోవట్లేదా? మొదటి రోజే చెప్పానండి మీకు."

చెప్పింది. నేను వినలేదు.

ఆమె బాపు పేరు మీద నొక్కింది. ఆయన పెట్టినవన్నీ వచ్చాయి. అన్నిటికంటే అడుగున, మొదటిది, ఒక ఫోటో. మసిబట్టిన గిన్నె, కట్టెల పొయ్యి, అంచు మీద నుంచి కారుతున్న పాల నురగ. నేను పాలు పొంగించిన మరుసటి రోజు పెట్టింది. దాని కింద ఆయనతో మాట్లాడేవాళ్ళ పేర్లు వరుసగా. సాతంరాయి వాళ్ళు ఎంత మంది ఉన్నారో అంత మంది. బుద్వేల్ అక్క ఇంకో ఇంట్లో ఉంది, మొక్కలు పెంచేవాళ్ళ ఇంట్లో చేరింది. శంషాబాద్ వాళ్ళు మరో ఇంట్లో. ఒక్కొక్కరి పేరు నొక్కుతుంటే ఒక్కొక్క గిన్నె. స్టీలు గిన్నె, ఇత్తడి గిన్నె, ఒకరిది ప్రెషర్ కుక్కర్. దుడ్డె చచ్చిపోయిన ఆడమనిషి కూడా ఉంది, ఒక చిన్న చెంబులో పాలు పొంగించింది.

వాళ్ళందరూ ఇల్లు మారారు. నేను చెప్పిన మాట విన్నారు. మా ఇంటికి రాలేదు, అంతే. ఎవరి ఇంట్లో వాళ్ళు పాలు పొంగించుకుని కూర్చున్నారు. నేను నా ఇంట్లో తలలు లెక్కపెట్టుకుంటూ, గుమ్మం దాటి ఒక్కరినీ పలకరించలేదు.

నేను దోసె పిండి గిన్నె పక్కనే కూలబడ్డాను. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చెల్లె నా వీపు మీద చెయ్యి వేసి, "తర్వాత ఏడుద్దురు గానండి, ముందు గేదె సంగతి చూడండి," అంది. మా బర్రెను వాళ్ళ దిక్కు గేదె అంటారు.

బాపు మాటను అందరికీ పంపాలంటే ఏది నొక్కాలో చూపించింది. రెండు బాణాలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నట్టు ఒక గుర్తు. నొక్కాను. తర్వాత బాపు దగ్గర కనబడ్డ ప్రతి పేరు దగ్గరా తలుపు తట్టినట్టు నొక్కుకుంటూ పోయాను. నా గొంతుతో కూడా ఒకటి పెట్టాను. "సాతంరాయి బాపు బర్రె తప్పిపోయింది, నిండు సూడిది. ఏ ఇంట్ల ఉన్నోళ్ళయినా సరే, జర కండ్లు పెట్టుండ్రి."

చెల్లె ఆపిన దోసె ఇంకా పెనం మీదనే ఉంది, బుద్వేల్ అక్క గొంతు వచ్చింది.

"ఇన్నాళ్ళకు తలుపు తీసినవా తొండుపల్లి చెల్లె? పాలు పొంగియ్యమని చెప్పి నువ్వే లోపట గొళ్ళెం పెట్టుకున్నవ్ అనుకుంటున్నం మేమంతా." ఆ తర్వాత బాపుతో అంది, "బాపు, ఆ వంకర కొమ్ముది రెండు నెలల కింద నేను నీకు అమ్మినదే గదా. నువ్వు రోడ్డు దిక్కు తిరుగుతున్నవా? అది గటు పోదు. ఈనే ముందు అది నీళ్ళకు వస్తది. నా కొట్టం పక్క కుంట ఉండె, గా దిక్కే వస్తది. నేను పోతున్న, ఉండు."

ఆమె పోయి ఫోటో పెట్టింది. పాత కుంటను ఎప్పుడో పూడ్చి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టారు. సెల్లార్ కోసం తవ్విన గోతిలో వాన నీళ్ళు నిండాయి. ఆ నీళ్ళ మధ్యలో ముక్కు, రెండు కండ్లు, ఒక వంకర కొమ్ము. బర్రె మహారాణిలా కూర్చుని ఉంది.

మా ఆయన ఫోటో చూసి బండి తీశాడు. నేను వెనక కూర్చున్నాను. సాతంరాయి దగ్గర చూస్తే ట్రాలీ ఆటో ఒకటి ముందు పోతోంది, అందులో బాపు, ఇంకో ముగ్గురు. నన్ను చూసి బాపు తువ్వాల ఊపాడు.

మేము పోయేసరికి గోతి చుట్టూ పాతిక మంది. ఫోన్‌లో గొంతులు తెలుసు గానీ ముఖాలు తెలియనివాళ్ళే చాలా మంది. ఒకరు మాట్లాడగానే, "నువ్వేనా గడ్డి మందు గురించి చెప్పేది," అని ఇంకొకరు గుర్తుపట్టడం. అక్కడి వాచ్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున్నుంచి గిండ్లనే ఉన్నది. బిల్డర్‌ది అనుకున్న నేను," అన్నాడు.

"మీ బిల్డర్ పాలు సుత పిండుతడా?" అంది బుద్వేల్ అక్క.

నవ్వుతున్నాం గానీ అందరికీ లోపల భయమే. నీళ్ళలో ఈనితే దుడ్డె మునిగిపోతుంది. బర్రె అప్పుడప్పుడు వెనక్కి తిరిగి పక్కను చూసుకుంటోంది, తోక ఎత్తి పెడుతోంది. అది నొప్పులకు గుర్తు. బాపు గట్టు మీద నిలబడి పిలిచాడు, తిట్టాడు, బతిమిలాడాడు. అది చెవి కూడా తిప్పలేదు.

"రెండు నెలల మనిషివి. నీ గొంతు దానికేం తెలుస్తది? జరుగు బాపు," అంది బుద్వేల్ అక్క. ఇంటి నుంచి పాత కుడితి బొక్కెన తెప్పించింది. దాని అంచు మీద చెంబుతో మూడు దెబ్బలు వేసింది. పెద్దగా ఏం కాదు, రోజూ కుడితి పెట్టేటప్పుడు వేసే దెబ్బలే. బర్రె తల తిప్పింది. ఇంకో మూడు దెబ్బలు. అది లేచింది. నీళ్ళు కారుకుంటూ, జేసీబీ దిగడానికి వేసిన మట్టి దారి మీదుగా, ఒక్కొక్క అడుగు వేసుకుంటూ పైకి వచ్చింది. పలుపు వేసింది నేనే. నా చేతికి దాని వేడి ఊపిరి తగిలింది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ చెయ్యి వెచ్చగానే ఉన్నట్టుంది.

ట్రాలీ ఎక్కించే సమయం లేదు. సగం కట్టిన స్లాబు కింద గోనె సంచులు పరిచాం. మధ్యాహ్నం విమానం ఒకటి మీద నుంచి పోతుండగా అక్కడే ఈనింది. పెయ్య దుడ్డె, ఆడది. నల్లగా నిగనిగలాడుతోంది, నుదుటి మీద తెల్లచుక్క. బాపు దాని ముక్కు తుడిచి, నోట్లో జిగురు తీసి, లేచి నిలబడేదాకా మోకాళ్ళ మీదనే ఉన్నాడు. ఎవరో ఫోటో తీసి పెట్టారు. రక్తం, మాయ, అన్నీ కనబడుతున్నాయి. ఎన్ని ఇండ్ల నుంచి మాటలు వచ్చాయో చెప్పలేను. ఎక్కడో కడప దిక్కు నుంచి ఒకాయన, నేను ఎన్నడూ వినని గొంతు, ఇరవై నాలుగు గంటల్లో మాయ పడకపోతే చేత్తో లాగొద్దు, డాక్టరును పిలవండి అని జాగ్రత్త చెప్పాడు. ఆయనకు మా సంగతి ఎట్లా చేరిందో నాకు తెలియదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అట్లా పోయి ఉంటుంది.

చేతులు కడుక్కుంటూ బాపును అడిగాను. "ఇప్పుడైనా మా ఇంటికి వస్తవా బాపు?"

"రాను బిడ్డా. మా ఇంట్ల మాకు మంచిగనే ఉన్నది."

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

"పక్కింటోళ్ళను పిలుస్తం గదా. గట్లనే." తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "నువ్వు పిలిస్తే సుత పలుకుత. ఇల్లు మాత్రం మారను."

అంతకు ముందు రోజైతే ఆ మాటకు బాధపడేదాన్ని. ఆ రోజు నా కడుపు నిండిపోయింది.

సోమవారం వచ్చింది. అనుకున్నట్టే పాత గ్రూపు తాళం తీశాను, అయితే తిరిగి పోవడానికి కాదు. ఇంకా అక్కడ వందల మంది ఎటు పోవాలో తెలియక ఉన్నారు గదా. వాళ్ళకు మళ్ళీ చెప్పాను. "ముందు నేను చెప్పింది తప్పు. మా ఇంటికే రావాలె అని లేదు. తొండుపల్లి పేరు నచ్చకపోతే ఇంకో ఇంట్ల చేరుండ్రి, లేకుంటే మీ ఊరి పేరు మీద మీరే పెట్టుకోండ్రి. ఎక్కడున్నా మమ్ములను పిలువుండ్రి, మేం పలుకుతం." ఏ ఇంట్లో ఎవరున్నారో అన్ని చిరునామాలు పెట్టాను. బర్రె, దుడ్డె ఫోటో మాత్రం పెట్టలేదు. మళ్ళీ బూతు బొమ్మ అంటారని భయం. నెల రోజులు తెరిచి ఉంచాను. ఈసారి చెల్లె చెప్పినట్టే విన్నాను.

ఆ నెలలో ఎంత మంది కదిలారో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం మానేశాను. మా ఇంట్లో ఇప్పుడు ముప్పై మంది ఉంటారేమో. కానీ పొద్దున ఫోన్ తీస్తే సాతంరాయి పలుకుతుంది, బుద్వేల్ పలుకుతుంది, శంషాబాద్ పలుకుతుంది. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళది ముందు కనబడుతుంది. మధ్యలో బరువు తగ్గే పొడి లేదు. మొన్న ఆ ఒక్క బర్రె ఉన్న ఆడమనిషి, కొత్త దుడ్డెకు కడుపు ఉబ్బిందని అడిగింది. చెంబెడు నీళ్ళు తాగేలోపు నలుగురు జవాబు చెప్పారు, నలుగురూ నాలుగు ఇండ్ల వాళ్ళు. మధ్యాహ్నానికి దుడ్డె గంతులు వేస్తున్న వీడియో పెట్టింది. వెనక ఆమె నవ్వు వినబడుతోంది. నేను ఆ వీడియోను మా ఆయనకు మూడు సార్లు చూపించాను.

"చూసిన, చూసిన. నీ గ్రూపు గెలిచింది తీ," అన్నాడు.

"నాది కాదు. అందరిది."

"అందరిది గెలిచింది. ఇగ జర చాయ్ పెట్టు."

చాయ్ పెట్టాను. ఆ రోజు పాలు కొంచెం ఎక్కువే పోశాను.

ఇంత దూరం చదివారంటే మీకు ఓపిక ఎక్కువ. ఇందులో మాట ఎక్కడ అతకలేదో, అక్షరం ఎక్కడ వంకర పోయిందో నాకు తెలియదు, తెలిస్తే దిద్దేదాన్ని. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే తొందరే తప్ప నాకు రాత రాదు. తప్పులున్న చోట మీరే సరిచేసుకుని చదవండి, నన్ను మాత్రం ఏమీ అనుకోకండి.